రెండు నూనెలు తాగిన రాయి

రాళ్ళ పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే పిల్లలు ఈమధ్య మొదట అడిగేది మిషన్ ఎంతవుతుందని. పాత కుట్టుమిషన్ మోటారు ఒకటి, స్టీలు బేసిన్ ఒకటి, అంచుకి వజ్రప్పొడి పట్టించిన పల్చటి రంపపు బిళ్ళ, సానకి రెండు చక్రాలు, మెరుగుకి ఒక చెక్క చక్రం ఉంటే చాలునంటాను. నమ్మరు. ఫోన్లో చూసిన మిషన్లే వాళ్ళ కళ్ళల్లో తిరుగుతుంటాయి. అంతకన్నా ఖరీదైన సామాను నేను ఉద్యోగం మొత్తంలో ముట్టుకోలేదు. చేనుగట్టున దొరికిన రాయికి ఆ సామానుతోనే మెరుగుపెట్టి, వెండిలో పొదిగించి, పైన బంగారు నీరు పట్టిస్తే, ఆ కమ్మలు పెట్టుకున్న మనిషిని పెళ్ళిళ్ళలో నలుగురూ ఆగి చూశారు. బంగారం కొనే తాహతు లేనివాళ్ళకే ఎక్కువగా పనిచేశాను. వాళ్ళు బేరం గట్టిగా ఆడతారు, రాయిని మాత్రం ప్రాణంలా చూసుకుంటారు.

నేను మంచి పనిమంతురాలిని. మన గురించి మనమే చెప్పుకోకూడదని మా అమ్మ అనేది గానీ, ఎదుటివాళ్ళు చెప్పేదాకా ఆగితే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కాబట్టి ఆ మాట నేనే చెప్పేసి, నేను బాగా చేసిన పనులు పక్కన పెడుతున్నాను. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను చెడగొట్టిన ఒక రాయి గురించి చెబుతాను.

మా కేంద్రం విజయనగరం ఊరి చివర ఒక రేకుల షెడ్డు. ఆడవాళ్ళకి రాళ్ళు కోయడం, సానబట్టడం నేర్పే చోటు. నేను అక్కడ నేర్చుకోవడానికి చేరి, నేర్పడానికి మిగిలిపోయాను. మావైపు రాళ్ళకి కరువు లేదు. సాలూరు దాటి కొండల కింద మెట్ట చేలల్లోకి వెళితే, వాన వెలిశాక గార్నెట్ ముక్కలు మట్టిలోంచి ఎర్రగా తొంగిచూస్తాయి. ఊళ్ళల్లో దాన్ని ఉత్తినే ఎర్రరాయి అంటారు. తడిమీద ప్రతి ఎర్రరాయీ కెంపులాగే ఉంటుంది. ఆరాక దాని అసలు రంగు బయటపడుతుంది. మా షెడ్డుకి సంచులతో రాళ్ళు మోసుకొచ్చి, ఆరాక వాటి మొహం చూసి, అక్కడే మురిక్కాలవలో పారబోసి వెళ్ళినవాళ్ళు ఎందరో.

నాకు ఈ పని నేర్పింది మా మేస్త్రి. రిటైరై ఏళ్ళు గడిచినా రోజూ పది కొట్టేసరికి వచ్చి తన స్టూలు మీద కూర్చునేవాడు. జీతం లేదు, టీ ఉంది. దానికే ఆ మనిషి ఏనాడూ నాగా పెట్టలేదు. ఆయనకి ఒక నియమం ఉండేది. ఏ రాయి వచ్చినా సరే, బట్టలసోడా వేసిన నీళ్ళల్లో అరగంట ఉడకబెట్టాలి, ఒక రోజంతా ఎండలో ఆరనివ్వాలి, ఆ తర్వాతే చేతిలోకి తీసుకుని చూడాలి. రాయిలో పగుళ్ళుంటే మట్టీ, జిడ్డూ వాటిలో దూరి కూర్చుంటాయి. అవి పోతేగాని పగులు కంటికి కనబడదు. "ఉడకని రాయినీ, పస్తెరగని మనిషినీ నమ్మీకు అమ్మీ," అనేవాడు. నేనూ ప్రతి బ్యాచిలోనూ ఆడపిల్లలకి మొదటి రోజు పాఠం ఇదే చెప్పేదాన్ని. చెప్పడం వేరు, చెయ్యడం వేరు.

నేను రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, కార్తీకమాసంలో, ఒక సోమవారం పొద్దున్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ఒకావిడ బస్సు దిగి నడిచివచ్చింది. ఇంకో పావుగంటకి సాలూరు లారీ ఒకటి గేటు ముందు ఆగితే, దాని కేబిన్లోంచి రెండో ఆవిడ దిగింది. ఇద్దరూ ఒకే బెంచీకి రెండు చివర్లా కూర్చున్నారు. పెద్దామెకి యాభై ఉంటాయి, చిన్నామెకి నాలుగైదేళ్ళు తక్కువ. ఇద్దరికీ ఒకటే ముక్కు, ఒకటే గడ్డం, మొహం మీద ఒకటే చిరాకు.

"మేడంగారూ, ఎర్రరాయి కోయించాల. సరిగ్గా రెండు ముక్కలు," అంది పెద్దామె.

"సరిగ్గా అంటే సరిగ్గానే. అటు ఇటు అవకూడదు," అంది బెంచీ ఆ చివర్నుంచి చిన్నామె.

"మీరిద్దరూ ఒకటేనా?" అన్నాను.

"కాదు," అన్నారిద్దరూ ఒక్కసారే.

నిజానికి వాళ్ళు ఒక కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళు. అన్నదమ్ములిద్దరిని ఒకే పందిట్లో పెళ్ళిచేసుకుని తోటికోడళ్ళు కూడా అయ్యారు. పన్నెండేళ్ళ కింద చోడిచేలో, అంటే రాగిచేలో, కలుపు తీస్తుంటే ఈ రాయి దొరికింది. మట్టిలో మెరుస్తుంటే చూసింది పెద్దామె, కొడవలి మొనతో తవ్వి తీసింది చిన్నామె. అత్తగారు దాన్ని కడిగి, అమ్మోరు మనింటికి నడిచొచ్చిందని పసుపు రాసి, వరండా గూట్లో పెట్టింది. అప్పట్నుంచీ శుక్రవారం శుక్రవారం నూనె పోసి, బొట్టు పెట్టి దండం పెట్టుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకి అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇంటి మధ్య గోడ లేచింది. రెండు పొయ్యిలయ్యాయి. పంపకాలు మావైపు పద్ధతిలోనే జరిగాయి. పెద్దవాడు భాగాలు పెట్టాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. తక్కువ భాగం తనకే మిగులుతుందన్న భయంతో పెద్దవాడు సమంగా పెట్టి తీరతాడు. గొడ్లు, బిందెలు, తాటిచెట్లు అన్నీ అలాగే పంచుకున్నారు. రాయి ఒక్కటీ మిగిలింది. తను బతికుండగా అమ్మోరిని పంచొద్దని అత్తగారు వరండాలో మంచం వేసుకు కూర్చుంది.

అక్కడ మొదలైంది అసలు తగువు. శుక్రవారం తెల్లారి పెద్దామె వచ్చి నువ్వులనూనె పోసి వెళ్ళేది. ఆవిడ గోడ దాటగానే చిన్నామె వచ్చి కొబ్బరినూనె పోసేది. ఒకరి నూనె మీద ఇంకొకరి నూనె.

"నేను పోసిన నూనె గుడ్డెట్టి తుడిసీసినాది, మేడంగారూ. ఈ కళ్ళతో సూసినాను," అంది పెద్దామె.

"పసుపు కరిగి కారిపోతంటే తుడిసినాను. నూనె తుడిసినానని ఊరంతా సెప్పుకొచ్చినాది ఆవిడ. అడగండి, సెప్పిందో నేదో," అంది చిన్నామె.

"ఆవిడికి సెప్పండి మేడంగారూ, నేను ఊరంతా సెప్పనేదు, ఒక్క మా మరదలికి సెప్పినాను."

వాళ్ళు ఇద్దరి మధ్యా నన్ను టెలిఫోను తీగలా వాడుకున్నారు. మాటల్లేక మూడేళ్ళయిందట. గడిచిన మాఘంలో అత్తగారు పోయింది. పోయేముందు ఇద్దరినీ చెరోవైపూ కూచోబెట్టుకుని, నా తర్వాత రాయి కోయించి చెరిసగం చెవులకి పెట్టుకోండని చెప్పింది. ఆవిడ ఏడాది దినం వచ్చే మాఘంలో ఉంది. కోడళ్ళిద్దరూ ఒక పొయ్యి మీద వండి పెట్టాలి. అది వాళ్ళ ఆనవాయితీ.

చిన్నామె అప్పుడన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "రాయి తిన్నగా తెగిందా, ఆవిడ గడప నేను తొక్కుతాను, మా అత్త దినానికి కూడి వండుతాం. ఒకలికి ఎక్కువా ఒకలికి తక్కువా అయిందా, ఈ జన్మకింతే. ఎవలి పొయ్యి వోలదే." పెద్దామె కాదనలేదు. నేలచూపులు చూస్తూ కొంగు అంచు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

రాయి మూటవిప్పి నా అరచేతిలో పెట్టారు. నిమ్మకాయంత ఉంది. అంత పెద్ద గార్నెట్ మావైపు దొరకడం కొత్తకాదు గానీ, ఆ సైజువి లోపలంతా బీటలే ఉంటాయి. ఇది అలా లేదు. టార్చి వేసి చూస్తే లోపల ముదురెరుపు కాంతి ఎక్కడా అడ్డు లేకుండా అటు చివరిదాకా వెళ్ళింది. నేను ఆ కాంతికి పడిపోయాను. ఇరవై ఏడేళ్ళ అనుభవం ఉన్న మనిషిని, కొత్తగా చేరిన పిల్లలా పడిపోయాను.

"అద్దంలా ఉంది. రెండు సమమైన చెక్కలు, ఒక్కో చెక్కలో రెండేసి రాళ్ళు. బటానీగింజంతవి నాలుగూ ఒకేలా తీసిస్తాను. నాదీ పూచీ," అన్నాను. షెడ్డులో ఉన్న పిల్లలందరూ విన్నారు. వినాలనే గట్టిగా అన్నాను.

తర్వాత అలవాటు కొద్దీ సోడా నీళ్ళు పొయ్యిమీద పెట్టమని ఒక పిల్లతో చెప్పాను. ఎందుకని అడిగారు. చెప్పాను. అక్కచెల్లెళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు.

"అమ్మోర్ని ఉడకబెడతారేటి?" అంది పెద్దామె.

మా మేస్త్రి స్టూలు మీదనుంచి అందుకున్నాడు. "రంపమెట్టి కోయొచ్చు గానీ, ఉడకబెట్టకూడదేటి తల్లీ?"

"కోస్తే అమ్మోరు రెండిళ్ళకీ వస్తాది. ఉడకబెడితే ఏటొస్తాది? జావ వస్తాది," అంది చిన్నామె.

షెడ్డంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. వాళ్ళిద్దరూ ఒక మాటమీద నిలబడింది అదొక్క విషయంలోనే అని అప్పుడు తట్టలేదు. మా ఇంట్లోనూ సన్నికల్లుకి పసుపు రాసి దండంపెట్టుకున్న వంశమే మాది. పొయ్యి ఆర్పించాను. ఉడకబెట్టనని మాటిచ్చి, గోరువెచ్చని నీళ్ళతో, నిమ్మచెక్కతో పైపైన తుడిచి ఊరుకున్నాను.

"నా కన్ను చాల్లెండి మేస్త్రీ," అన్నాను.

"నీ కన్నుకి నూనె పట్టినాది అమ్మీ," అన్నాడాయన.

గీత గీయడానికి గంట పట్టింది. పద్ధతి ప్రకారం పెద్దామె గీయాలి, తెగాక చిన్నామె ముందు కోరుకోవాలి. తెల్ల పెన్సిలు పెద్దామె చేతికిచ్చాను. ఆవిడ రాయి చుట్టూ గీసింది. చిన్నామె తిప్పి చూసి, ఇటు బరువెక్కువంది. చెరిపి మళ్ళీ గీశారు. ఈసారి పెద్దామెకే నచ్చలేదు. నాలుగోసారి గీసిన గీత ఇద్దరికీ కుదిరింది. అన్నేళ్ళ పనిలో రాయిని దాని లోపలి తీరు చూసి కోశానేగానీ, పంచాయతీ గీతమీద కోయడం అదే మొదలు, అదే ఆఖరు.

మంగళవారం, శుక్రవారం అమ్మోరి రోజులు కాబట్టి బుధవారం కోద్దామని ముహూర్తం పెట్టారు. అందాకా రాయి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో తగువు. ఒకరు పట్టుకెళితే ఇంకొకరు ఒప్పుకోరు. చివరికి నా బీరువాలో పెట్టి తాళంవేసి, తాళంచెవి నా మెళ్ళో పుస్తెలతాడుకి కట్టుకుంటేగాని కదల్లేదు.

ఆ రెండు రోజులూ మేస్త్రి నన్ను వదల్లేదు. "రాయి నీ బీరువాలోనే ఉన్నాది. ఉడకబెడితే ఎవలికి తెలుస్తాది? అమ్మోరేటి వాలకి ఫోను సేసి సెప్తాదా?" మాటిచ్చానని చెప్పాను. ఆడదానికి ఆడదిచ్చిన మాట అన్నాను. చాలా పెద్దమాటలే మాట్లాడాను. ఇప్పుడు మీకు నిజం చెబుతాను. నన్ను ఆపింది మాట కాదు. ఉడకబెడితే, ఒకవేళ పగులు బయటపడితే, అందరి ముందూ నాదీ పూచీ అని కోసిన కోతలు ఏమవుతాయి? ఆ భయం. మీరు ఈ పనిలోకి వస్తే పనిముట్ల కన్నా ముందు మీలో ఈ భయం ఎక్కడుందో చూసుకోండి. అది ఉన్నచోట కన్ను పనిచెయ్యదు.

బుధవారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు, మునుపటిలాగే ఒకరు బస్సులో, ఒకరు లారీలో. బేసిన్‌కి చెరోపక్కా నిలబడ్డారు. పిల్లలు వెనక చేరారు. మేస్త్రి స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. నేను రంపపుబిళ్ళకి నీళ్ళు తగిలేలా బేసిన్ నింపి, మోటారు వేసి, గీత మీద రాయి ఆనించాను. మొదటి చుట్టు బాగానే దిగింది. ఆ చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉంటుంది.

మూడో వంతు దిగేసరికి బేసిన్లో నీళ్ళ మీద రంగులు తేలాయి. వానలో రోడ్డుమీద పెట్రోలు పడితే తేలే రంగులు. వెంటనే వాసన తగిలింది. ముందు నువ్వులనూనె, దాని వెనక ముక్కిన కొబ్బరినూనె. అప్పుడర్థమైంది. రాయి నిండా బీటలే. పన్నెండేళ్ళ నూనె ఆ బీటల్లోకి దిగి, వాటిని కంటికి ఆనకుండా నింపేసింది. అందులోనూ ఆఖరి ఏళ్ళల్లో రెండిళ్ళ నూనె, పోటీ మీద. రాయి అద్దంలా ఉందని నేను మురిసిన కాంతి అంతా ఆ నూనె పెట్టిన భిక్ష.

అక్కడ చెయ్యి ఆపి ఉండాల్సింది. ఆపితే, ఇద్దరూ చూస్తుండగా సగం తెగిన రాయి పైకెత్తి, నాకు తెలియక చెప్పాను అనాలి. ఆ మాట అనలేదు. మెల్లగా దిగితే గట్టెక్కుతుందేమోనని ఇంకొంచెం ఆనించాను. టక్ మని ఒక చప్పుడైంది. చేతిలో బరువు పోయింది. మోటారు ఆపి చూస్తే, నా వేళ్ళ మధ్య ఒక పెంకు మిగిలింది. మిగతాదంతా బేసిన్ అడుగున, ముక్కలుగా, రజనుగా ఉంది.

నేను జాకెట్టు చేతులు తడవడం కూడా చూసుకోకుండా ముక్కలు ఏరి గుడ్డమీద పెడుతున్నాను. ఒకటి గోళీకాయంత ఉంది. మిగతావి కందిపప్పు బద్దలంత. అటు ఎక్కువా ఇటు తక్కువా కాదు, అసలు అటూ ఇటూ అనేదే మిగల్లేదు.

"ఏటైపోనాది?" అంది పెద్దామె చిన్నగొంతుతో.

చెప్పాను. నూనె సంగతి, బీటల సంగతి, ఉడకబెట్టి ఉంటే ముందే తెలిసేదన్న సంగతి. ఆ ఆఖరి మాట నోరుజారి వచ్చింది. అనగానే చిన్నామె తల అక్కవైపు తిరిగింది. ఆ చూపు నాకు అర్థమైంది. అమ్మోర్ని ఉడకబెడతారేటి అని ముందు అన్నది అక్క. నూనె పోటీ ఎవరు మొదలెట్టారన్నది ఆ తర్వాతి మాట. ఇంకొక్క క్షణం ఆగితే మూడేళ్ళ తగువు ముప్పై ఏళ్ళ తగువవుతుంది, ఆ అత్తగారి ఏడాది దినానికి రెండు పొయ్యిలే వెలుగుతాయి. మీరే కదా వద్దన్నారు అని అనడానికి నాకు హక్కుంది. పిల్లలంతా సాక్ష్యం. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"తప్పు నాది," అన్నాను. "మీరు వద్దంటే వద్దన్నారు. మీకేం తెలుసు? తెలిసినదాన్ని నేను. ముందు పొయ్యిమీద పెట్టాల్సిందీ నేనే, నీళ్ళమీద నూనె తేలినప్పుడు ఆపాల్సిందీ నేనే. మీ ఇద్దరిదీ ఇందులో వీసమెత్తు లేదు. నా పొగరు వల్ల పోయింది మీ రాయి."

జీవితంలో నేను అంత మంది ముందు అలాంటి మాట అనడం అదొక్కసారే. చిన్నామె చూపు అక్కమీంచి మెల్లగా నామీదికి వచ్చింది.

"మరి ఆవేళ పూచీ అన్నారేటి?" అంది.

"అన్నాను."

"అద్దంలా ఉన్నాదన్నారు."

"అన్నాను."

"సదువుకున్నోలు, ఇంత మందికి పని నేర్పుతున్నోలు, ఒక రాయి లోపల ఏటుందో తెలవదా మీకు? మా అక్క నోరు నేని మనిషి కాబట్టి ఊరుకున్నాది. నేను ఊరుకోను."

మా అక్క అంది. అన్నట్టు తనకి తెలియదు. మేస్త్రి టీగ్లాసు నోటిదగ్గర ఆపేశాడు.

పెద్దామె కొంగు దోపుకుంది. "మా సెల్లి అడగడంలో తప్పేటుంది? దాని సేత్తో తవ్వి తీసినాది. కొడవలి మొన తగిలి రాయికి గీత పడకుండా మట్టంతా గోళ్ళతో తీసినాది. గోళ్ళలోంచి రత్తమొచ్చినాది ఆ రోజు. మీకేటి తెలుసు?"

"ముందు సూసింది ఎవలు? అక్క సూడకపోతే నేను తవ్వుదునా?" అంది చిన్నామె.

అక్కడినుంచి గంటసేపు ఇద్దరూ కలిసి నన్ను దులిపారు. ఒకరు అలసిపోతే ఒకరు అందుకున్నారు. ఒకరు మరిచిన మాట ఇంకొకరు గుర్తుచేశారు. నా ఉద్యోగం, నా కేంద్రం, నా బీరువా, ఏదీ మిగల్చలేదు. తిట్లలో కూడా ఇద్దరిదీ ఒకటే తీరు. మధ్యలో మంచినీళ్ళు ఇప్పిస్తే పెద్దామె సగం తాగి గ్లాసు చెల్లెలికి అందించింది. ఆవిడ తాగి మళ్ళీ మొదలుపెట్టింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. కోపం రాలేదని చెప్పను. వచ్చింది. లోపల ఎక్కడో ఒక మూల హాయిగా కూడా ఉంది. ఆ రెండూ ఒకేసారి ఉండొచ్చని ఆ రోజే తెలిసింది.

ముక్కల్లో పనికొచ్చేవి తీసి ఇస్తాను, కూలి అక్కర్లేదు అన్నాను. ఇస్తే ఇయ్యండి, నేకపోతే మీ బేసిన్లోనే ఉంచుకోండి అని వెళ్ళిపోయారు. లారీ గేటు దగ్గర ఎదురుచూస్తోంది. చిన్నామె దాన్ని వెళ్ళిపొమ్మని చెయ్యి ఊపి, అక్కతో కలిసి బస్టాండువైపు నడిచింది. చాలాదూరం దాకా నన్ను తిడుతూనే ఉన్నారని, టీ తాగడానికి బయటికెళ్ళిన పిల్లలు వచ్చి చెప్పారు.

తర్వాత రెండు నెలలు ఆ ముక్కలతోనే గడిపాను. ఈసారి ఉడకబెట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. సోడానీళ్ళు ప్రతిసారీ జిడ్డుకక్కాయి. ఆరాక బీటలున్నవి తీసేస్తే తొమ్మిది ముక్కలు తేలాయి. ఒక్కోదాన్నీ పుల్ల చివర లక్కతో అంటించి, సానబట్టి, చెక్క చక్రంమీద మెరుగుపెట్టాను. కందిగింజంతవి. ఈసారి రాళ్ళలో కాంతి దొంగది కాదు. మంచి ముదురెరుపు, దీపం దగ్గర పెడితే లోపల నిప్పు కనిపించేది. నా చేతిమీద అంత బాగా వచ్చిన పని తక్కువ.

చిక్కల్లా తొమ్మిదితో. ఎవరు భాగాలు పెట్టినా ఎవరు కోరుకున్నా, తొమ్మిది ఇద్దరికి సమంగా రాదు. బేసిన్ దగ్గర అక్కా చెల్లీ అనుకున్న మాటలు కోపంలో వచ్చినవి. కోపం చల్లారాక ఒక రాయి ఎక్కువైన దగ్గర మళ్ళీ గోడ లేస్తే?

"మన డబ్బాలో అలాటివి బోల్డున్నాయి. ఒకటి కలిపీ, పదైపోతాది," అన్నాడు మేస్త్రి. కలుపుదామనే డబ్బా తీశాను. రంగు కూడా కలిసింది. కానీ నాదీ పూచీ అని వాళ్ళకి ఒకసారి చెప్పిన మనిషిని. డబ్బా మూత పెట్టేశాను.

మాఘంలో ఒక పొద్దున్న చిన్నామె వచ్చింది. ఒక్కతే. పెద్దామె కోసం గేటువైపు చూశాను. ఎవరూ లేరు.

"అక్క రాలేదా?" అన్నాను.

"నేను సాల్నా?" అంది. నామీద కోపం ఇంకా పోలేదని తెలుస్తూనే ఉంది.

తొమ్మిది రాళ్ళూ పింగాణీ పళ్ళెంలో పోసి చూపించాను. ఆవిడ వంగి చూసింది. వేలితో ఒకటి అటు జరిపింది, ఇంకొకటి ఇటు జరిపింది. నేను పళ్ళెం నావైపు లాక్కున్నాను.

"పెద్దామె లేకుండా ఇవ్వనమ్మా. భాగాలు ఆవిడ పెట్టాలి, నువ్వు కోరుకోవాలి. మీ పద్ధతే కదా. పైగా ఇవి తొమ్మిది. ఆవిడని అడక్కుండా ఇస్తే రేపు మాటొస్తుంది."

చిన్నామె నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, జాకెట్లోంచి ఫోను తీసి, నంబరు నొక్కి నా చేతికిచ్చింది. అవతల గిన్నెల చప్పుడు, పొగకి ఎవరో దగ్గుతున్న చప్పుడు. పెద్దామె గొంతు వచ్చింది.

"మేడంగారా? మా సెల్లి వచ్చినాదా అక్కడికి? బేగి పంపించీండి. రేపే మా అత్త దినం. పొయ్యిమీద ఎసరు మరిగిపోతంది, నేనొక్కదాన్నే సేస్తన్నాను."

"తొమ్మిది వచ్చాయమ్మా," అన్నాను. "భాగాలు ఎలా పెట్టమంటారు?"

అవతల ఏదో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడైంది.

"భాగాలేటి?" అంది పెద్దామె. "అన్నీ ఒక్క పొట్లం కట్టి దాని సేతికిచ్చీండి. వచ్చేటప్పుడు బెల్లం తెమ్మని సెప్పండి, మర్సిపోతాది."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు. తొమ్మిది రాళ్ళూ ఒకే కాగితంలో చుట్టి, దారం కట్టి, చిన్నామె చేతిలో పెట్టాను. బెల్లం సంగతి కూడా చెప్పాను.